చేతిసంచితో వచ్చినవారు, చేరదీసినవారు

పుదుచ్చేరికి క్రొత్తగా వచ్చిన తెలుగువారికి తేంగాయితిట్టు అను పేరు చెవినబడగనే చిరునవ్వు కలుగుట సహజము. మన భాషలో తిట్టు ఎవరును కోరునది కాదు గదా! అరవమున తిట్టు అనగా నీటియొడ్డుననో నీటినడుమనో మెరకగా నున్న నేల. మనము తిప్ప యందుము. తేంగాయి మన టెంకాయయే. కాబట్టి ఈ పేటపేరును తెలుగున టెంకాయలతిప్ప యని చెప్పుకొనవచ్చును. అది పట్టణమునకు దక్షిణపుదిక్కున, అరియాంకుప్పము ఏరు సముద్రమును చేరుచోటికి సమీపమున నున్నది. ఉప్పుటేటి యొడ్డున మడచెట్లు, చేపలరేవున పడవలు, వానికి చేరువనే ఇండ్లు, ఇదియే అచ్చటి దృశ్యము.

కొంతకాలము క్రిందట ఉద్యోగకార్యముపై పుదుచ్చేరికి పోవలసివచ్చి, నేను రెండు దినములు తేంగాయితిట్టులో ఒక తోటి ఉద్యోగి యింట బసచేసితిని. ఆ కుటుంబము యానామునుండి వచ్చి అచ్చట స్థిరపడినది. రైలు దిగిన నా చేత ఒక చిన్న సంచి తప్ప మరేమియు లేదు. గుమ్మములో నిలిచియున్న మిత్రుని తల్లిగారు నన్నును, నా సంచిని ఒకసారి చూచి, “ఒక్క సంచేనా బాబూ? సరేలే, మిగతావన్నీ మా ఇంట్లో ఉన్నాయిగా!” అనిరి.

అంతవరకు నేను తేలికగా ప్రయాణము చేసితినని లోలోన గర్వపడుచుంటిని. ఆ మాటతో గర్వము తగ్గినది. దుప్పటి, తలగడ, వేడినీరు, రెండుపూటల భోజనము నేను మోసికొని రాలేదు; కాని ఎవరో యొకరు వానిని సిద్ధపరచియే యుండిరి. ప్రయాణికుడు విడిచిన బరువు మాయము కాదు, ఆతిథ్యమిచ్చువారి చేతికి మారును. ఈ విషయమునకు పుదుచ్చేరి చరిత్రలోనే గొప్ప సాక్ష్యమున్నది. దానిని మన సంఘ సభ్యులకు విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ పట్టణమునకు తెలుగువారితో సంబంధము నేటిది కాదు. డూప్లే దొరకు దుబాసీయై, 1736 మొదలు 1761 వరకు అరవమున దినచర్య వ్రాసియుంచిన ఆనందరంగ పిళ్ళె పేరిట కస్తూరి రంగకవి తెలుగున ఒక ఛందోగ్రంథమే రచించెను. ఆనందరంగరాట్ఛందమని దానికి ప్రసిద్ధి. ఇచ్చటి ప్రభువుల భాష ఫ్రెంచి, జనుల భాష అరవము. అట్టి చోటను తెలుగు కవితకు ఆదరణ దొరికినదనుట గమనింపదగినది.

అయితే ఆ కాలమున ప్రయాణమనగా ఇంటిని వెంటబెట్టుకొని కదలుట. ఇందుకు మనకు తెలిసిన ఉత్తమోదాహరణము ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన మనవలె సర్కారు ఉద్యోగియే. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే నెలలో కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరెను. ఆ యాత్రకు 15 నెలల 15 దినములు పట్టినది. పల్లకీ బోయీలు, వంటవారు, పరిచారకులు, బంధుమిత్రులు కలిసి సుమారు నూరుమంది ఆయనతో నడచిరి. ఆయన యాత్రాచరిత్ర చదివినవారికి ప్రతి మజిలీ యొద్దను ఆయన మనస్సు దేనిపై నిలిచినదో తెలియును: ఇచ్చట నీరున్నదా, సత్రమున్నదా, అంగళ్ళలో సరకు దొరకునా? ఆశ్రయము నిశ్చయముగా దొరకునను నమ్మకము లేని దారిలో, ఆశ్రయమును తానే మోసికొని పోవలసియుండెను. అంతటి పరివారమును పోషింపగలవారు ఎందరు? సామాన్యునకు దూరప్రయాణము కలలోని మాటయే.

1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజా రోడ్డు వరకు దక్షిణదేశపు మొదటి ప్రయాణికుల రైలుబండి నడచినది. 1879లో విల్లుపురము నుండి పుదుచ్చేరికి ఇనుపదారి పడినది. ఈ శాఖ పొడవు నలువది కిలోమీటర్లకు లోపే. కాని అది ఆంగ్లేయుల సీమనుండి ఫ్రెంచివారి సీమకు దాటించు దారి. నెలల ప్రయాణము దినములకు, దినముల ప్రయాణము గంటలకు కుదించుకొనిపోయెను. దారిలో వండుకొనవలసిన యక్కర లేదు, బోయీలతో పనిలేదు. ఒక మూట, ఒక మరచెంబు, ఒక టిక్కెట్టు ఉన్న చాలును. ఆ చివర ఒక గుమ్మము తెరచియుండవలెను, అంతే.

ఆ గుమ్మము తెరచుట అన్నిచోట్ల సులభముగావచ్చును. ఇరువదవ శతాబ్ద్యారంభమున పుదుచ్చేరిలో మాత్రము సులభము కాదు. ఆంగ్లప్రభుత్వపు ఆగ్రహమునకు గురియైన దేశభక్తులకు ఫ్రెంచి సీమ శరణ్యమైనది. ఆంగ్లేయుల పోలీసువారు ఇచ్చట ఎవరినైనను బట్టుకొని పోజాలరు. కాని వారి వేగులవారు వీధివీధిని గాచియుండిరి. ఎవరు ఎవరి యింట దిగిరో, ఎవరు ఎవరికి అన్నము పెట్టిరో వారికి తెలియుచుండెను.

1908లో సుబ్రహ్మణ్య భారతి చెన్నపట్టణము విడిచి పుదుచ్చేరి చేరెను. ఆయన వ్రాయుచుండిన ‘ఇండియా’ పత్రికపై అభియోగము వచ్చి, సంపాదకుడుగా పేరున్నవాడు చెరసాల పాలయ్యెను. భారతి చేతనున్నది ఒక పరిచయపత్రము. ఆ పత్రమును చూచి చేరదీసిన యింటివారిని పోలీసువారు బెదరింపగా, వారు కొలదిదినములకే ఆయనను వేరొకచోటు చూచుకొమ్మని కోరవలసివచ్చెను. వారిని నిందించుటకు మనకు హక్కు లేదు. భార్యాబిడ్డలు గలవాడు భయపడుట నేరము కాదు. ఆ భయమే ఆశ్రయమిచ్చుటకు ఎంత మూల్యము చెల్లింపవలసియుండెనో మనకు చెప్పుచున్నది. తరువాత వేరు మిత్రులు ఆయనను ఆదుకొనిరి. ఆయన యుండిన ఇంటి యజమాని విళక్కెణ్ణెయ్ చెట్టియారు, అనగా దీపపునూనె చెట్టిగారు, అద్దె యడుగుటకు వచ్చి, కవి పాట విని, అద్దె మాట ఎత్తకయే వెళ్ళెడివాడని ప్రతీతి. ఆ విధముగా భారతి పది సంవత్సరములు, 1918 వరకు, ఈ పట్టణమున నిలువగలిగెను.

ఇంతకంటె విచిత్రమైనది 1910 నాటి కథ. ఆ సంవత్సరము మార్చి నెలాఖరున సురేశచంద్ర చక్రవర్తి యను వంగయువకుడు కలకత్తాలో రైలెక్కెను. మోనీ యని ఆతనిని పిలిచెడివారు. అతని యొద్దనున్న విలువైన వస్తువు ఒకటే: శ్రీ అరవిందులు మండయం శ్రీనివాసాచార్యులకు వ్రాసియిచ్చిన యుత్తరము. రహస్యముగా ఉండుటకు ఒక చోటు సిద్ధపరచవలెనని అందలి కోరిక. కలకత్తానుండి చెన్నపట్టణమునకు పోవు ఆ ఇనుపదారి మన తెలుగుసీమ మీదుగా పోవునదే. గోదావరిపై హేవలాకు వంతెన అప్పటికి పదేండ్లనాటిది. రాజమహేంద్రవరమున, బెజవాడలో, నెల్లూరిలో బండి ఆగినప్పుడు, ఆ పెట్టెలో కూర్చున్న కుర్రవాని జేబులో ఏమున్నదో మనవారెవ్వరికిని తెలిసియుండదు.

మార్చి 31న అతడు పుదుచ్చేరి చేరెను. ఉత్తరము చదివిన శ్రీనివాసాచార్యులకు మొదట నమ్మకము కుదరలేదు. వేగులవారు నిండిన ఊరిలో, ముక్కుమొగము తెలియని యువకుడు అంతటి పేరు చెప్పుకొని వచ్చిన, అనుమానింపని వాడెవడు? ఆతిథ్యమునకు ముందు విచారణ తప్పని కాలమది. తరువాత నమ్మకము కలిగి, మహావైభవముగా స్వాగతమీయవలెనని వారు తలపోసిరట! వలదు, వలదు, గుట్టుగా నుండవలెను అని ఆ యువకుడు పట్టుబట్టెను. అరవిందులు మారుపేరుతో ‘డూప్లే’ యను ఓడలో వచ్చి ఏప్రిలు 4వ తేదీ సాయంకాలము రేవున దిగిరి. ఆ దినముననే కలకత్తాలో వారిపై వారంటు జారీయయ్యెను. శ్రీనివాసాచార్యులును మోనీయును ఓడకు పోయి వారిని తోడ్కొనివచ్చి కాల్వే శంకర చెట్టిగారి యింట దింపిరి. ఆ యిల్లున్న వీధిని ఫ్రెంచివారు కొముట్టివారి వీధి యనెడివారు. మన కోమటి యను మాటయే ఫ్రెంచి నోట అట్లు మారినది. ఆ యింటి పైయంతస్తులో అరవిందులు ఆ యేటి అక్టోబరు వరకు, అనగా ఆరు నెలలు, అతిథిగా నుండిరి.

గదియు భోజనమును ఇచ్చుట ధనవంతునకు గొప్ప కాదని ఎవరైన అనవచ్చును. శంకర చెట్టిగారి గొప్పదనము మరుసటి సంవత్సరము తేలినది. 1911లో ఫ్రెంచి సీమలో విదేశీయుల విషయమై క్రొత్త నిబంధన వచ్చెను. దాని ప్రకారము, అచ్చటికి క్రొత్తగా చేరినవారు నిలువవలెనన్న ఐదుగురు గౌరవ మేజిస్ట్రేటులు ధ్రువీకరించి సంతకములు చేయవలెను. శరణార్థులకు అది పిడుగువంటి వార్త. ఆంగ్లేయులకు కంటకమైన మనుష్యునికై తన పేరు కాగితముపై నిలుపువారు ఎవరు? ఈ మాట వినిన శంకర చెట్టిగారు ఆ కాగితమును తీసికొని, ఒక్క దినములో ఐదు సంతకములును చేయించి తెచ్చిరి. అందొకటి వారిదే.

ఒక సంతకము ఎంత బరువో మన యుద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు. ధ్రువపత్రము క్రింద, జామీను కాగితము క్రింద పేరు వ్రాయునప్పుడు మన కలము ఒక క్షణమాగును. రేపు ఎవరైన ప్రశ్నించిన సమాధానము చెప్పవలసినవాడు సంతకము చేసినవాడే. రేవున దిగిన అతిథి చేత సామానేమియు లేకపోవచ్చును. ఆయన వెంటబడి వచ్చిన వారంటు, వేగు, అనుమానము, ఇవన్నియు సామానే. వానిని మోయుటకు ఆ ఐదుగురును భుజమొడ్డిరి.

చరిత్రగ్రంథములలో సాధారణముగా వచ్చినవారి పేర్లు పెద్ద యక్షరములలో నుండును. తలుపు తెరచినవారి పేర్లు అడుగున చిన్న యక్షరములలో నుండును, లేదా ఉండవు. ఆ యింటి వంటయిల్లు ఎవరు చూచికొనిరో, రాత్రి ఆలస్యముగా వచ్చినవారికి తలుపు ఎవరు తీసిరో వ్రాసినవారు లేరు. గొప్పవారి చరిత్ర చదువునప్పుడు ఈ పేరులేనివారిని కూడ ఒకసారి తలచుకొనుట మన ధర్మము.

కాలము మారినది. 1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారత ప్రభుత్వమునకు దక్కెను. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనము పూర్తియయ్యెను. రైలుదారిపై సరిహద్దు తొలగినది. ఇటీవలి సంవత్సరములలో సర్కారు ఎక్స్‌ప్రెస్సు పుదుచ్చేరివరకు పొడిగింపబడుటచే, యానాము వారు కాకినాడలో రైలెక్కి తమ రాజధానిలో దిగగలుగుచున్నారు. ఆతిథ్యమిచ్చువారిని పోలీసువారు బెదరించు దినములు పోయినవి. అయినను బరువు మారుట మాత్రము మారలేదు. బదిలీ ఉత్తరువు పట్టుకొని తెలియని యూరిలో దిగినప్పుడు, మనలో ఎందరము ఎవరో ఒక తెలుగువారి యింట మొదటి రాత్రి గడపలేదు? క్వార్టర్సు దొరకువరకు, పిల్లలకు బడి కుదురువరకు, ఎవరి పంక్తిలో భుజింపలేదు? మన సంఘము పుట్టుక కూడ అట్టి పంక్తులలోనే యున్నదని నా నమ్మకము.

తేంగాయితిట్టులో నా రెండు దినములు ముగిసినవి. బయలుదేరునప్పుడు మిత్రుని తల్లిగారు పెరటిచెట్టు టెంకాయలు రెండు తెచ్చి నా సంచిలో పెట్టిరి. “బరువండీ,” అని నేనంటిని. “బండిలో బరువేమిటి బాబూ, మోసేది అదేగా!” అని నవ్విరి. స్టేషనువరకు ఆ సంచిని మిత్రుడే పట్టుకొని నడచెను. బండి కదలిన పిమ్మట నేను దానిని ఒడిలో పెట్టుకొని కూర్చుంటిని. మా యింటికి ఎవరైన ఒక్క సంచితో వచ్చిన దినమున, మా గుమ్మములో నిలిచి, ఆ తల్లిగారు చెప్పిన మాటనే నేనును చెప్పవలెనని అనుకొంటిని.