సందుగ అడుగున సినిమా చరిత్ర

పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే మనం ముందు బయట పడేసేది కాగితాలనే కదా! ఇత్తడి బిందె దాస్తాం, పట్టుచీర దాస్తాం. అల్మారాలో పరిచిన పాత కాగితాన్ని మాత్రం ఉండచుట్టి చెత్తలో వేస్తాం. వేసే ముందు దాన్ని ఒక్కసారి తిరగేసి చూడమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు 1960లలో కొత్త సినిమా కబురు చెప్పింది గోడలే. ఇంట్లో టీవీ లేదు, పేపరు అందరిళ్ళకూ వచ్చేది కాదు. రీలు డబ్బాలతో పాటు పోస్టర్ల కట్ట కూడా ఊళ్ళోకి దిగేది. మైదా బంక ఉడికించి, పురుగు పట్టకుండా, పశువులు తినకుండా అందులో మైలుతుత్తం కలిపి, తెల్లారేసరికి అంటించేవాళ్ళు. సినిమా మారితే దాని మీదే ఇంకొకటి. ఎండకూ వానకూ గోడ మీద కాగితం ఎన్నాళ్ళు ఉంటుంది? ఇవాళ మనకు మిగిలినవి చాలావరకు గోడ ఎక్కని పోస్టర్లే.

అలా మిగిలిపోయినవి కొన్ని ఇళ్ళకు చేరాయి. పెద్ద కాగితం, వెనక వైపు తెల్లగా ఉంటుంది. సందుగ అడుగున వేయడానికి, పిల్లల పుస్తకాలకు అట్టలేయడానికి అంతకంటే ఏం కావాలి? మా అత్తమ్మ ఇప్పటికీ చెప్తుంది, "బొమ్మ కిందికి పెట్టి పరిచేటోళ్ళం, చీరెలకు రంగు అంటొద్దని" అని. ఆ జాగ్రత్త చీరల కోసమే. కానీ బొమ్మకు వెలుతురు తగలకుండా రంగు నిలబెట్టింది కూడా అదే.

ఆ కాలపు పోస్టర్లలో నాకు మరీ ఇష్టం నేర కథలవి. హాలీవుడ్ నేర చిత్రాలకు 1946లో నీనో ఫ్రాంక్ అనే ఫ్రెంచి విమర్శకుడు 'ఫిల్మ్ నువార్' అన్న మాట వాడాడు. అంటే నల్ల సినిమా. చీకటి వీధులు, పొడుగు నీడలు, నమ్మాలో వద్దో తెలియని ఒక ఆడమనిషి. బొంబాయిలో గురుదత్ నిర్మించగా రాజ్ ఖోస్లా తీసిన 'సి.ఐ.డి.' (1956) అదే దారిలోది. అందులో ఆ అనుమానపు పాత్ర వేసింది ఎవరనుకున్నారు? వహీదా రెహమాన్! అంతకు ముందు ఏడాది మన 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు ఆడిన అమ్మాయే. అదే ఖోస్లా 1964లో తీసిన 'వో కౌన్ థీ' తెలుగులో జయలలిత, జగ్గయ్యలతో 'ఆమె ఎవరు?' (1966) అయింది. ఆ ఏడాదే 'గూఢచారి 116', మరుసటి ఏడాది 'అవే కళ్ళు' వచ్చాయి. ఆ పేర్లలోనే ఉంది చూడండి, అనుమానమంతా ఒక మొహం చుట్టూ, రెండు కళ్ళ చుట్టూ తిప్పడం!

ఇలాంటి బొమ్మలు గీసిన చేతుల్ని మనం పట్టించుకున్నది తక్కువ. పాలకొల్లులో పుట్టిన ఈశ్వర్ 1967లో బాపు 'సాక్షి'తో మొదలుపెట్టి రెండు వేలకు పైగా సినిమాలకు పబ్లిసిటీ చేశారు. 'సినిమా పోస్టర్' అని పుస్తకమూ రాశారు. 2021లో పోయారు.

కాగితం పోతే ఏం పోతుంది అంటారా? తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931లో వచ్చిందని ఏళ్ళ తరబడి నమ్మాం. రెంటాల జయదేవ పాత కాగితాలన్నీ వెతికి, 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని తేల్చారు. చూద్దామంటే ఆ సినిమా ప్రింటే లేదు. సాక్ష్యం చెప్పింది కాగితమే.

పుణేలో 1964లో మొదలైన నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్, ముంబైలో 2014లో ఏర్పడిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ సినిమాలతో పాటు పోస్టర్లనూ భద్రపరుస్తున్నాయి. కానీ వాళ్ళు వచ్చి మన సందుగలు తెరవరు కదా. ఆ పని మనదే.

దొరికితే ముందు రెండు వైపులా ఫోటో తీయండి. మడతలు బలవంతంగా విప్పొద్దు, ఇస్త్రీపెట్టె అసలే వద్దు. మెత్తని కుంచెతో దుమ్ము దులపండి, తడిగుడ్డ పెట్టొద్దు. సెల్లోటేపు కొన్నాళ్ళకు పసుపు మరక అవుతుంది. లామినేషన్ చేస్తే మళ్ళీ ఊడదీయలేం. బాగుచేసేవాళ్ళు చిరుగు వెనక పల్చటి జపాన్ కాగితాన్ని గోధుమ గంజితో అతికిస్తారు. తడి చేస్తే ఆ అతుకు మళ్ళీ ఊడివస్తుంది, కాగితానికి హాని ఉండదు. కొనాలనుకుంటే అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్ పేరు ఉందేమో చూడండి. నిగనిగలాడే దళసరి కాగితమైతే అది కొత్తగా అచ్చేసిన నకలని అనుమానించాల్సిందే.

ఇంకొక్క మాట. వెనక పెన్సిలుతో పాల లెక్కో, చాకలి పద్దో కనిపిస్తే దాన్ని చెరపకండి. ముందు వైపు సినిమా చరిత్ర అయితే, వెనక వైపు ఆ ఇల్లాలి చరిత్ర. రెండోది ఇంకెక్కడా అచ్చు కాలేదు.