చెయ్యి చేసుకోకపోయినా అది హింసే: గుర్తుపట్టడం ఎలా?

కాపురంలో హింస అంటే దెబ్బలేనని మనలో చాలామంది అనుకుంటాం. ఒంటి మీద వాత కనబడకపోతే "మొగుడూ పెళ్ళాల తగవు, వాళ్ళే సర్దుకుంటారు" అని పక్కకు తప్పుకుంటాం. కాని చెయ్యి ఎత్తకుండానే మనిషిని గుప్పిట్లో పెట్టుకునే పద్ధతి ఒకటుంది. డబ్బు, ఫోను, రాకపోకలు, మాట అన్నీ ఒకరి చేతిలోకి వెళ్ళిపోతాయి. అమెరికా పరిశోధకుడు ఎవాన్ స్టార్క్ 2007లో దీని మీద ఒక పుస్తకమే రాశారు. ఇంగ్లండు, వేల్సులలో 2015 నుంచి ఇది 5 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడగల నేరం.

బొయిపరిగుడ వంటి చోట ఇది మనకు మరీ దగ్గరి విషయం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు కోరాపుట్ ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉండేది. సరిహద్దు మారినా మన సంబంధాలు మారలేదు. సాలూరు, పార్వతీపురం, విజయనగరం వైపు నుంచి కోడళ్ళను తెచ్చుకుంటూనే ఉన్నాం. వచ్చిన పిల్లకు ఒడియా రాదు. ఆసుపత్రికైనా, బ్యాంకుకైనా, పోలీసు స్టేషనుకైనా భర్తే మాట సాయం. మంచివాడైతే భాష నేర్పిస్తాడు. అదుపు చేసేవాడైతే ఆ రాకపోవడాన్నే గొలుసుగా వాడుకుంటాడు.

గమనించవలసిన గుర్తులు ఇవి:

1. కన్నవారితో ఫోను మాట్లాడాలంటే స్పీకరు పెట్టాలి, పక్కన ఎవరో ఉండాలి.
2. ఆధార్, ఏటీఎం కార్డు, బంగారం ఆమె దగ్గర ఉండవు. జీతం వచ్చినా ఆమె చేతికి రాదు. ఉప్పు, పప్పు కొన్నా పైసా లెక్క చెప్పాలి.
3. సంతకు, పేరంటానికి ఒంటరిగా పంపరు. ఆలస్యమైతే విచారణ.
4. పిల్లలు కలగలేదనో, మగపిల్లవాడు పుట్టలేదనో నిత్యం దెప్పుతారు.
5. "వెళ్తే పిల్లలను చూడనివ్వను", "నేను చస్తాను" అనే బెదిరింపులు.
6. మాట్లాడే ముందు ఆమె భర్త ముఖం చూస్తుంది.

ఒక్క రోజు కోపంతో ఈ నిర్ణయానికి రాకూడదు. ఇవి రోజూ జరుగుతూ, ఆమె భయపడి తన ఇష్టాలు ఒక్కొక్కటిగా మానుకుంటుంటే అది అదుపే.

మన దేశంలో దీనికి విడిగా చట్టం లేదు. కాని 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం (2005) మాటలతో, మానసికంగా, ఆర్థికంగా పెట్టే బాధను కూడా హింసగానే లెక్కిస్తుంది. ఇల్లు తన పేరున లేకపోయినా ఆమెకు అందులో ఉండే హక్కు ఉంది. రక్షణ ఉత్తర్వును మీరినవారికి ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంకో ముఖ్య విషయం: ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా, అంటే ఆంధ్రలోని కన్నవారింటి నుంచి కూడా, అక్కడి మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది.

సాయానికి 181, అత్యవసరమైతే 112, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఇరుగుపొరుగువారు కూడా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు.

ఒక జాగ్రత్త. భర్త ఎదుట ఆమెను అడగకండి, అతన్ని నిలదీయకండి. ఆమె ఫోనుకు సందేశాలు పంపకండి. విడిపోవాలని చూసే సమయంలోనే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి ఎప్పుడు, ఎలా వెళ్ళాలన్నది ఆమె నిర్ణయం. కాగితాల నకళ్ళు దాచిపెట్టడం, ఒడియాలో అర్జీ రాసిపెట్టడం, స్టేషనుకు తోడు వెళ్ళడం మనం చేయగల పనులు.

సంఘం పెద్దలం మేము కూడా ఇన్నాళ్ళూ "సర్దుకుపో అమ్మా" అని పంపించినవాళ్ళమే. పరువు కాపాడామనుకున్నాం. ఇకమీదట రాజీ మాట ఎత్తేముందు "నీకు భయంగా ఉందా?" అని ఆమెను విడిగా అడుగుదాం. జవాబు వచ్చేదాకా ఓపిక పడదాం.