చలిజ్వరపు క్రిమి కథ – సికిందరాబాదు మొదలు బెంగుళూరు దాకా

పావగడ తాలూకా పటమును చూచినవారికి, అది తుమకూరు జిల్లాకు అంటీ ముట్టనట్లుండి ఆంధ్రదేశపు ఒడిలోనికి వాలినట్లు తోచును. ఏ వైపు నడచినను కొంతసేపటికి సరిహద్దు, దాని ఆవల ఆంధ్రము. కనుక మా వైపు పిల్లవాడు ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము మాట్లాడును. సంతలో రెండింటిని కలిపి బేరమాడును. రెండు భాషలును వానిలోనే ఉన్నవి. ఏ గడప దాటినప్పుడు ఏది పలుకవలెనో వానికి ఎవరును వేరుగా చెప్పనక్కరలేదు.

ఉగాది సంచికలో ఈ ప్రస్తావన ఎందుకనగా, మలేరియా క్రిమి బ్రతుకు కూడ సరిగా ఇట్టిదే. దోమ కడుపులో దానిది ఒక రూపము, మన కాలేయములో వేరొక రూపము, రక్తములో మరొకటి. పొట్టకూటికి ఊరు విడిచిన కుటుంబములకు ఈ చలిజ్వరము కొత్తది కాదు. దూరపు పనులకు పోయినవారి వెంట అదియు ఇంటికి వచ్చెడిది. కడుపులో బల్ల, కొయినా చేదు మన పెద్దలు బాగుగా ఎరిగినవే. దాని గుట్టు విప్పిన పనిలో రెండు ముఖ్య ఘట్టములు మనకు దగ్గరి ఊళ్లలోనే, ఒకటి సికిందరాబాదులో, ఒకటి బెంగుళూరులో, జరిగినవని మన పిల్లలలో ఎందరికి తెలియును?

రోగి రక్తములో క్రిమి ఉండునని 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో కనుగొనెను. అది ఒకరి నుండి ఒకరికి ఎట్లు పోవునో తెలియలేదు. రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు 1895లో సికిందరాబాదు వచ్చినాడు. అంతకు పూర్వమే, 1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు, నిలువ నీరు తీసివేసినచో దోమలు తగ్గునని గమనించినవాడు. రెండేండ్లు దోమలను కోసి కోసి చూచినాడు కాని, అవి తగిన జాతి దోమలు కావు. 1897 ఆగస్టు నెల మహా ఉక్క. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవి. పంకా వేయించుకొందమన్న కోసి పెట్టిన దోమ ఎగిరిపోవును. హుస్సేన్ ఖాన్ అను రోగి దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని తన ఒంటిని దోమలచే కుట్టించుకొన్నాడు. ఆగస్టు 20వ తేదీన, రెక్కలపై మచ్చలు గల దోమ కడుపు గోడలో రాస్‌కు గుండ్రని కణములు కనబడినవి. వానిలో నల్లని నలుసులు. రోగి రక్తములోని క్రిమిలో కనబడునవియు ఆ నలుసులే! మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలించి తక్కిన దారి కూడ తేల్చినాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చినది. రాస్ పేరు చెప్పునప్పుడు హుస్సేన్ ఖాన్ పేరు కూడ చెప్పుట న్యాయమని మా అభిప్రాయము. ఆ పని జరిగిన బేగంపేట కట్టడము ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి అధీనమునకు వచ్చి, రాస్ పేరనే పిలువబడుచున్నది.

ఆ నల్లని నలుసు ఏమిటి? మన రక్తమునకు ఎరుపు నిచ్చునది హిమోగ్లోబిన్. అందులో ఇనుము గల భాగమును హీము అందురు. క్రిమి ఎర్రకణములో దూరి హిమోగ్లోబినును భుజించును. మిగిలిన హీము దానికి విషము. అందుచేత దానిని గట్టి నలుసుగా చేసి ఒక మూలకు నెట్టును. క్లోరోక్విన్ బిళ్ల ఈ పనిని చెడగొట్టును. క్రిమి తాను తిన్న తిండి విషముచేతనే చచ్చును.

మన దేశములో 1953లో జాతీయ మలేరియా నివారణ పథకము ఆరంభమైనప్పుడు ఏటా ఏడున్నర కోట్ల మందికి జ్వరము, 8 లక్షల మరణములు అని అంచనా. ఇంటింటికి డి.డి.టి. చల్లినారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగినవి. ఇక పోయినదే అనుకొనుచుండగా 1976లో 64 లక్షలు! దోమలు డి.డి.టి.కి అలవాటు పడినవి. 1973లోనే అస్సాములో క్రిమి క్లోరోక్విన్‌కు లొంగకుండుట కనబడినది. అటుపిమ్మట కొత్త మందునకు కొత్త గురి కావలసి వచ్చినది.

బెంగుళూరు సంగతి ఇక్కడ వచ్చును. ప్రొఫెసరు గోవిందరాజన్ పద్మనాభన్ 1938లో మదరాసులో జన్మించి, 1966లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, అనగా మనవారు టాటా ఇన్‌స్టిట్యూట్ అను చోట, డాక్టరేటు పొందినారు. 1994 నుండి 1998 వరకు దానికి డైరెక్టరుగా నుండిరి. 2024లో తొలి విజ్ఞాన రత్న పురస్కారము వారిదే. వారు మొదట పట్టినది మలేరియాను కాదు, కాలేయమును. జన్యువులన్నియు ప్రతి కణములోను ఉన్నను అన్నియు ఒక్కసారి పనిచేయవు. అవసరమైన జన్యువు నుండి నకలు తీయబడి, ఆ నకలును బట్టి మాంసకృత్తు తయారగును. దీనినే జన్యువు వ్యక్తమగుట అందురు. కాలేయములో దీనిని అదుపు చేయుటలో హీము పాత్ర ఏమని వారు శోధించినారు. హీమును పట్టుకొని పోయినవారు, హీముతో పెనుగులాడు క్రిమి వద్దకు చేరుట సహజమే కదా.

1992లో నమిత సురోలియాతో కలిసి వారు ప్రకటించిన విషయము వింతైనది. ఈ క్రిమి తన హీమును తానే తయారు చేసికొనును! చుట్టును హీమే, అదియు విషమని మూలకు నెట్టవలసినంత. అన్నసత్రములో కూర్చుండి ప్రక్కన సొంత పొయ్యి వెలిగించుకొన్నట్లున్నది. ఆ పొయ్యి ఆర్పినచో క్రిమి చచ్చునని ఆశ కలిగినది.

ఈలోగా విదేశములలో పని ఊపందుకొన్నది. 2002లో క్రిమి జన్యుపటము పూర్తిగా వెలువడినది: 14 క్రోమోజోములు, సుమారు 5,300 జన్యువులు. రక్తములో అది గడుపు 48 గంటలలో ఏ గంటకు ఏ జన్యువు పలుకునో 2003లో అమెరికాలో కొలిచినారు. అన్నిటికంటె గడుసుదనము దాని పై చొక్కాలలో ఉన్నది. చొక్కా జన్యువులు 60 వరకు ఉన్నవి; ఒక వేళకు ఒక్కటే తొడుగును. మన ఒంటి కాపలాదారులు ఆ చొక్కాను గుర్తు పట్టులోగా కొన్ని క్రిములు వేరొకటి తొడిగియుండును. ఒకసారి జ్వరము వచ్చి తగ్గినవానికి మరల మరల వచ్చుటకు ఇది ఒక కారణము.

బెంగుళూరు ప్రయోగశాలలో పసుపు మీద కూడ పని జరిగినది. పసుపులోని కుర్కుమిన్‌ను అర్తెమిసినిన్ జాతి మందుతో కలిపి ఇచ్చినచో మలేరియా సోకిన ఎలుకలు బ్రతికినవని 2006లో ప్రకటించినారు. ఇది చదివి పసుపు పాలు చాలునని మన ఇండ్లలో ఎవరును అనుకొనరాదు. అవి ఎలుకలు. మనము రక్తపరీక్ష చేయించుకొని డాక్టరు ఇచ్చిన మందు పూర్తిగా మింగవలసినదే.

ఆ పొయ్యి సంగతి 2013లో తేలినది. పద్మనాభన్, పి.ఎన్. రంగరాజన్, అరుణ్ నాగరాజ్ మొదలైనవారు ఎలుకల మలేరియా క్రిమి నుండి హీము తయారీ జన్యువులను తీసివేసి చూచినారు. రక్తములో క్రిమి చావలేదు. ఎలుక హీముతోనే కాలము గడిపినది. దోమలో మాత్రము దాని పెరుగుదల ఆగిపోయినది; కాలేయపు దశయు సాగలేదు. అనగా ఆ పొయ్యి సత్రములో తినుటకు కాదు, సత్రము లేని చోట్ల బ్రతుకుటకు! ఇరువది యొక్క ఏండ్ల క్రిందటి తమ ఆశను తామే పరీక్షకు పెట్టి, అది చెల్లని చోటును, చెల్లు చోటును వేరు చేసి ప్రకటించినారు. ఇట్టి పని పత్రికలలో పెద్ద అక్షరములతో పడదు. జ్వరము పుట్టిన తరువాత ఆ పొయ్యి ఆర్పినచో ప్రయోజనము స్వల్పము. దోమ కుట్టిన పిదప క్రిమి కాలేయములో ఉండు కొద్ది దినములలోనే, ఒళ్లు వెచ్చబడక మునుపే దానిని పట్టుకొను మందులకును, దోమలోనే దాని దారి కట్టు ఉపాయములకును ఆ పొయ్యి ఒక గురి అయినది.