జీవో 3 పోయాక ఏజెన్సీ బడి ఎవరిది?

గ్రూప్స్‌కి అశోక్‌నగర్, డీఎస్సీకి దిల్‌సుఖ్‌నగర్, సాఫ్ట్‌వేర్‌కి అమీర్‌పేట. హైదరాబాద్‌లో నిరుద్యోగుల భూగోళం ఇది. సాయంత్రం మైత్రీవనం ముందు రెండు నిమిషాలు నిలబడితే చాలు, జావా నుంచి డేటా సైన్స్ దాకా అరడజను కరపత్రాలు చేతిలో పడతాయి. ఆ వెనక సందుల్లోని హాస్టళ్లలో ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం వైపు నుంచి వచ్చిన ఆదివాసీ యువకులూ ఉంటున్నారు. మా పరిశోధన పని మీద తిరుగుతున్నప్పుడు ఒక టీ కొట్టు దగ్గర ఆసిఫాబాద్ జిల్లా గోండు యువకుడు ఒకరు పరిచయమయ్యారు. డీఎడ్ చేశారు, టెట్ పాసయ్యారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఒకటే మాట చెప్పారు: జీవో 3 పోయింది కదా అన్నా అని.

నగరంలో చాలామందికి ఆ జీవో ఏమిటో తెలియదు. మన విద్యార్థి సంఘాల్లో కూడా అది 'ఆదివాసీల ఉద్యోగాల గొడవ'గానే వినబడుతుంది. అది ఉద్యోగాల గొడవ మాత్రమే కాదని మేము అనుకుంటున్నాం. అందుకే దాని పుట్టుక, చావు, తర్వాత ఏం చేయవచ్చన్నది ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాం.

ముందు ఈ చుట్టుపక్కలే ఒకసారి చూద్దాం. అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక స్టేషన్ పంజాగుట్ట. అక్కడి నుంచి పైకి వెళితే బంజారా హిల్స్, ఆ గుట్టల పేరే బంజారాలది. రోడ్ నంబర్ 10లో 2022 సెప్టెంబర్ 17న ప్రారంభించిన కుమురం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ఉన్నాయి. ఇంకొంచెం దూరం పోతే మాసబ్ ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం. అంటే ఈ నగరం ఆదివాసీని పేరుగా, భవనంగా, అద్దాల పెట్టెలో బొమ్మగా దాచుకుంది. అదే పంజాగుట్ట కూడలిలో 2019 ఏప్రిల్‌లో పెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని తీసేసి చెత్త లారీలో తరలించినప్పుడు మనమంతా రోడ్డెక్కాం. ఆ విగ్రహం చేతిలోని రాజ్యాంగంలో ఐదో షెడ్యూల్ అనే భాగం కూడా ఉంది. దాని గురించి మనం మాట్లాడుకున్నది తక్కువే.

మార్లవాయి నుంచి జీవో 3 దాకా

ఏజెన్సీ బడిలో ఆదివాసీ టీచరే ఉండాలన్న ఆలోచన 2000లో పుట్టింది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీంను నిజాం పోలీసులు చంపాక, గోండుల తిరుగుబాటుకు కారణాలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. భూమి సమస్యతో పాటు ఆయన పట్టుకున్న ఇంకో విషయం చదువు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ కేంద్రం మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు తయారుచేశారు, అవి దేవనాగరి లిపిలో ఉండేవి. పాలకుడి భయం నుంచి పుట్టిన సంస్కరణ అది, అందులో మాకు భ్రమల్లేవు. అయినా గోండు పిల్లవాడికి గోండి వచ్చిన పంతులు ఉండాలన్న సూత్రం అక్కడ ఆచరణలోకి వచ్చింది.

స్వాతంత్ర్యం తర్వాత బడులు పెరిగాయి, ఆ సూత్రం పోయింది. మైదానం నుంచి వచ్చిన టీచరుకు ఏజెన్సీ పోస్టింగ్ అంటే శిక్ష. జీతం బడి పేరు మీద వస్తుంది, మనిషి మాత్రం మండల కేంద్రంలోనో ఇంకా దూరంలోనో ఉంటాడు. వానాకాలంలో వాగు పొంగితే వారం రోజులు బడి లేదు. ఉన్న రోజున కూడా అతను మాట్లాడే తెలుగు ఒకటో తరగతి కోయ పిల్లకు అర్థం కాదు. టీచర్లు బడికి రాకపోవడం ఎంత ముదిరిందంటే, చివరికి ప్రభుత్వమే దాన్ని ఒప్పుకుని జీవోలు ఇవ్వవలసి వచ్చింది.

మొదటిది 1986 నవంబర్ 5 నాటి జీవో 275. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని టీచరు పోస్టులన్నీ షెడ్యూల్డ్ తెగలకే అన్నది దాని సారం. 1989లో అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లి, 1998లో ఆ అప్పీలును వెనక్కి తీసుకుంది. తర్వాత 2000 జనవరి 10న వచ్చింది జీవో ఎంఎస్ నంబర్ 3. ఐదో షెడ్యూల్‌లోని 5(1) పేరా కింద గవర్నర్‌కున్న అధికారంతో ఇచ్చిన ఉత్తర్వు ఇది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక ఆదివాసీలకే, అందులో మూడో వంతు మహిళలకు. స్థానికులు అంటే ఎవరు? 1950 జనవరి 26 నుంచి తాము గానీ తల్లిదండ్రులు గానీ అదే ఏజెన్సీలో నివసిస్తున్నవారు.

ట్రిబ్యునల్ దీన్నీ కొట్టేసింది. 2001లో హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరు-ఒకరు తేడాతో నిలబెట్టింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది, అక్కడ దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది. ఆ ఇరవై ఏళ్లలో ఏజెన్సీ ఊళ్లలో ఒక తరం టీచర్లు తయారయ్యారు. గూడెం నుంచి డీఎడ్‌కు వెళ్లిన మొదటి అమ్మాయి, జీతం తెచ్చిన మొదటి మనిషి చాలాచోట్ల ఈ జీవో వల్ల వచ్చినవారే. 2004లో ఉమ్మడి రాష్ట్రం గోండి, కోయ, కొలామి, సవర, కువి లాంటి 8 భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టగలిగిందంటే, ఆ భాష మాట్లాడే టీచరు బడిలో ఉండటం దానికి మొదటి షరతు. పుస్తకం వేసి పంపితే సరిపోదు, చదివి చెప్పేవాడు కావాలి.

తీర్పు ఏం చెప్పింది

2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్ నడుస్తుండగా, జస్టిస్ అరుణ్ మిశ్రా నాయకత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం చేబ్రోలు లీలాప్రసాద్ రావు కేసులో జీవో 3ను కొట్టేసింది. సరిగ్గా రెండు రోజుల ముందే ఇంద్రవెల్లి కాల్పులకు 39 ఏళ్లు నిండాయి. వీధిలోకి వచ్చి నిరసన చెప్పే వీలు కూడా ఎవరికీ లేని రోజులవి.

తీర్పును తిట్టడానికి ముందు చదవాలి. దాని వాదనలు మూడు. ఒకటి, 5(1) పేరా కింద గవర్నర్ ఉన్న చట్టాన్ని షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించకుండా ఆపవచ్చు, మార్పులతో వర్తింపజేయవచ్చు, కానీ కొత్త చట్టం చేయలేరు. పైగా ఆ అధికారం ప్రాథమిక హక్కులకు లోబడే ఉంటుంది. రెండు, నూటికి నూరు రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధం, ఇంద్రా సాహ్ని కేసులో 1992లో పెట్టిన 50 శాతం పరిమితిని దాటుతోంది. మూడు, 371-డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల్లోని స్థానికత నిబంధనలకు ఇది అడ్డం వస్తోంది, 1950 నాటి నివాస షరతు ఆదివాసీల మధ్యనే వివక్ష చూపుతోంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని కోర్టు కాపాడింది, అదీ షరతుతో: మళ్లీ ఇలాంటి జీవో తెచ్చి పరిమితి దాటితే ఆ రక్షణ ఉండదని. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కలిసి ఐదు లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టాలని కూడా చెప్పింది.

మొదటి వాదనలో బలం ఉందని ఒప్పుకోవాలి. ప్రభుత్వం తేలిక దారి పట్టింది. 5(2) పేరా కింద గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో రెగ్యులేషన్ చేసే మార్గం ఉంది. 1/70 చట్టం వచ్చింది ఆ దారిలోనే. ఒకసారి ట్రిబ్యునల్‌లో దెబ్బతిన్నాక కూడా మళ్లీ జీవోనే నమ్ముకోవడం ప్రభుత్వ న్యాయ విభాగం నిర్లక్ష్యమని మేము అంటాం.

రెండో వాదనతోనే మా పేచీ. 50 శాతం గీసిన ఇంద్రా సాహ్ని తీర్పే, దూరంగా విసిరేసినట్టున్న ప్రాంతాల ప్రజల ప్రత్యేక పరిస్థితుల కోసం ఆ గీత కొంత సడలవచ్చని ఒక తలుపు తెరిచి ఉంచింది. ఏజెన్సీ కన్నా అలాంటి చోటు ఇంకేముంటుంది? భూమి విషయంలో సుప్రీంకోర్టు ఇలా ఆలోచించలేదు. గిరిజనేతరులు సమానత్వం పేరుతో 1/70ని సవాలు చేస్తే 1988లో పి. రామిరెడ్డి కేసులో ఆ చట్టాన్ని నిలబెట్టింది. 1997 జూలై 11న సమత తీర్పులో ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదంది. భూమి మీద ఆదివాసీకి ప్రత్యేక హక్కు ఉండవచ్చు, బడి మీద ఉండకూడదా? తీర్పు మొత్తంలో లెక్క ఉద్యోగాలది. ఆ ఉద్యోగం ముందు కూర్చునే పిల్లవాడి వైపు నుంచి తూకం వేసిన చోటు మాకు కనబడలేదు. పైగా ఆదివాసీల జీవితాన్ని ఆదిమమైనదిగా వర్ణించే మాటలు అందులో ఉన్నాయి. వాళ్లను మానవ జంతు ప్రదర్శనశాలగా చూడకూడదని హితవు చెబుతూనే, వాళ్ల టీచర్లను వాళ్ల బడి నుంచి తీసేసింది.

దళితుల సంగతి

ఇక్కడ మన పాఠకులతో ఒక మాట దాచకుండా మాట్లాడుకోవాలి. జీవో 3 వల్ల నష్టపోయినవారిలో ఎస్సీలు, బీసీలు ఉన్నారని తీర్పు చెప్పింది. అది అబద్ధం కాదు. ఏజెన్సీలో తరాలుగా బతుకుతున్న మాల, మాదిగ కుటుంబాలున్నాయి. 1/70 వల్ల అక్కడ భూమి కొనలేరు, జీవో 3 ఉన్నన్నాళ్లూ వాళ్ల పిల్లలకు తమ ఊరి బడిలో టీచరు పోస్టు లేదు. మన సంఘాలు ఈ ముడిని ముట్టుకోకుండా వదిలేశాయి. ఆదివాసీ సంఘాలు కూడా అంతే. ఈ మౌనం వల్ల, ఏజెన్సీలో భూములు, వడ్డీ వ్యాపారాలు పట్టుకుని కూర్చున్న వలస పెత్తందారుకూ, కూలికి పోయే దళితుడికీ ఒకే పేరు వచ్చింది: గిరిజనేతరుడు. ఈ ఇద్దరినీ విడదీసి చూడటం మన పనే. ఆదివాసీల లోపలా ముళ్లున్నాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చిన తర్వాత మొదలైన వివాదం 2017లో ఆదిలాబాద్‌లో ఎంత దూరం పోయిందో అందరూ చూశారు. 1950 నాటి నివాస షరతును ఈ వెలుగులో కూడా చదవాలి.

దీనికి మాకు తోచిన దారి భాష. గోండి బడికి గోండి, కోయ బడికి కోయ, సవర బడికి సవర మాట్లాడి బోధించగలగడం ఉద్యోగానికి అర్హతగా పెట్టవచ్చు. అది రిజర్వేషన్ శాతం కిందికి రాదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు 350-ఎ అధికరణ, విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ ఆధారంగా ఉన్నాయి. ఏజెన్సీలో పుట్టి పెరిగి కోయ మాట్లాడే మాదిగ అమ్మాయికి కూడా ఆ తలుపు తెరిచి ఉంటుంది. దీంతో పాటు 5(2) కింద స్థానిక ఆదివాసీలకు పెద్ద వాటా ఇచ్చే రెగ్యులేషన్ కావాలి, అందులో స్థానిక దళితుల వాటా రాతపూర్వకంగా ఉండాలి. ప్రాథమిక హక్కుల ప్రశ్న అక్కడా ఎదురవుతుంది కనుక రాజ్యాంగ సవరణ అడిగేవారి మాటలోనూ న్యాయం ఉంది. భాషా పరీక్షను మొక్కుబడి తంతుగా మార్చడం మన అధికారులకు చిటికెలో పని, ఆ భయం మాకూ ఉంది.

బయటి ప్రపంచంలో ఈ ప్రశ్నకు పెట్టిన పేరు సత్యం, సయోధ్య. కెనడాలో ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి లాక్కెళ్లి, వాళ్ల భాష మాట్లాడితే శిక్షించిన రెసిడెన్షియల్ బడుల మీద 2008 జూన్ 11న ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. తర్వాత సత్య సయోధ్య కమిషన్ బాధితుల మాటలు విని, 2015లో 94 సిఫార్సులు చేసింది. అవన్నీ అమలయ్యాయని కాదు. కానీ జరిగింది తప్పని రాజ్యం నోటితో చెప్పింది. ఆదివాసీల హక్కులపై 2007 సెప్టెంబర్ 13న ఐక్యరాజ్యసమితి చేసిన ప్రకటనలో 14వ అధికరణ, తమ భాషలో తమ విద్యా వ్యవస్థను తామే నడుపుకొనే హక్కు గురించి చెబుతుంది. భారత్ అనుకూలంగా ఓటేసింది, అయితే ఇక్కడ అందరూ మూలవాసులేనన్న వివరణతో. ఆ వివరణతో ప్రకటన గడప దగ్గరే ఆగిపోయింది.

ఇక్కడ 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వ లెక్క. 60 మందికి పైనే అని హక్కుల సంఘాలు అంటూ వచ్చాయి. దశాబ్దాల పాటు ఆ రోజున స్తూపం దగ్గరికి పోయి పూలు పెట్టడానికి కూడా నిషేధాజ్ఞలు అడ్డం. లెక్కే తేలని చోట సయోధ్య ఎవరితో మొదలుపెట్టాలి? బడితో మొదలుపెట్టడం తేలిక, ఎందుకంటే అక్కడ తప్పు ఏమిటో 1986లోనే ప్రభుత్వం తన జీవోలో రాసుకుంది.

తెలంగాణలో 2022 సెప్టెంబర్‌లో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది, మంచిదే. 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ కూడా జరిగింది. కానీ అది రాష్ట్రమంతటికీ వర్తించే వాటా, గూడెం బడికి గోండి టీచరును తెచ్చే ఏర్పాటు కాదు. 2025లో ఆంధ్రప్రదేశ్ 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ప్రకటించినప్పుడు, జీవో 3 స్థానంలో చట్టం చేయాలని ఏజెన్సీలో బంద్ జరిగింది.

అమీర్‌పేట యువకుడి కోర్సు మూడు నెలలు. ఫీజు రెండు విడతల్లో కడుతున్నారు, రెండో విడతకు ఇంట్లో పత్తి అమ్మాలి. టెట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నారా అని అడిగాం. హాస్టల్ ట్రంకుపెట్టెలో ఉందని, నోటిఫికేషన్ పడితే దిల్‌సుఖ్‌నగర్‌కు మారతానని చెప్పారు. వాళ్ల ఊరి బళ్లో ఇప్పుడు ఉన్న సారుకు గోండి వచ్చా అన్న ప్రశ్నకు ఆయన నవ్వి, సారుకు మా ఊరికి దారి వస్తే చాలు అన్నారు.