తెలంగాణ స్వపరిపాలన ఉద్యమ కళ: సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతం

ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో పాట, ఆట, కవిత, సినిమా, చిత్రకళ పోషించిన పాత్రను ప్రస్తావించేటప్పుడు పూర్వపు మెదక్ జిల్లాకు విశేష స్థానం ఉంది. గద్దర్, బి. నర్సింగరావు, కాపు రాజయ్య, నందిని సిధారెడ్డి, రసమయి బాలకిషన్, దేశపతి శ్రీనివాస్ ఈ జిల్లా వారే. అంతకు ముందు తరానికి చెందిన ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్ పుట్టింది అందోలులో. జిల్లా కేంద్రంగా ఉన్న సంగారెడ్డి 2016 అక్టోబరు 11న వేరే జిల్లా అయింది. అందోలు, జోగిపేట, పటాన్‌చెరు, జహీరాబాద్ ఇందులోకి వచ్చాయి. గద్దర్ ఊరు తూప్రాన్ మెదక్ జిల్లాలో మిగిలింది, నర్సింగరావు ఊరు ప్రజ్ఞాపూర్ సిద్దిపేట జిల్లాలోకి వెళ్లింది. ఒకవైపు కరువు పల్లెలు, మరోవైపు భారీ పరిశ్రమలు ఉన్న ఈ నేల మీద భూమి, నీళ్లు, కొలువు అనే మూడు ప్రశ్నలూ పాటలోకి ఎక్కాయి.

పూర్వరంగం

నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యంలో అధికార భాష ఉర్దూ. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును సభికులు గేలి చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. దాని మొదటి సభ 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. ఈ ప్రాంతంలో సాహిత్యం ఉనికికి రుజువుగా నిలబడటం అక్కడే మొదలైందని చెప్పవచ్చు.

జోగిపేట పక్కనే ఉన్న అందోలులో 1908లో పుట్టిన మఖ్దూం ఉర్దూలోనే నిజాంను ఎదిరించారు. కవితా సంపుటి 'సుర్ఖ్ సవేరా' 1944లో వచ్చింది. కమ్యూనిస్టు పార్టీ నిర్మాణంలో, కార్మిక సంఘాల్లో ముందుండి పనిచేసిన ఆయనకు కవిత్వం, యూనియన్ ఒకే పనిలో రెండు భాగాలు. 1969లో ఆయన మరణించిన ఏడాదే, ఆంధ్రతో విలీనమప్పుడు తెలంగాణకు ఇచ్చిన రక్షణలు అమలు కాలేదంటూ విద్యార్థి, ఉద్యోగ ఉద్యమం రగిలింది. కాల్పుల్లో 369 మంది చనిపోయారన్నది ఉద్యమకారుల లెక్క. వారి స్మృతికి హైదరాబాద్ గన్‌పార్కులో నిలిచిన స్తూపాన్ని శిల్పి ఎక్కా యాదగిరిరావు రూపొందించారు.

గద్దర్, నర్సింగరావు

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు, ఊరు తూప్రాన్. 1970ల మొదట్లో ప్రజ్ఞాపూర్‌కు చెందిన నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ సంఘంలో చేరారు. 1972లో ఆ సంఘం నుంచే జన నాట్య మండలి ఏర్పడింది. గద్దర్ అన్న పేరు స్వాతంత్ర్యానికి ముందు పంజాబీలు స్థాపించిన గదర్ పార్టీని తలచుకుని పెట్టుకున్నది. బుర్రకథ, ఒగ్గుకథ, వీధి భాగవతం వంటి పాత రూపాల్లోకి భూమి, కూలి, వెట్టి సంగతులను ఎక్కించడం మండలి పద్ధతి. గోచి, గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్రతో గద్దర్ వేదిక మీదికి వచ్చేవారు. గొర్లకాపరి, పాలేరు వేసుకునే బట్టలే వేదిక మీది ఆహార్యమయ్యాయి. 1984లో బ్యాంకు కొలువు వదిలారు. 1985లో అజ్ఞాతంలోకి వెళ్లి 1990లో బయటకు వచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఇంటి వద్ద జరిగిన కాల్పుల్లో దిగిన ఒక తూటా చివరిదాకా ఆయన వెన్నులోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న మరణించారు.

నర్సింగరావు నిర్మించిన 'మా భూమి' (1979) నిజాంకు, దొరలకు ఎదురుగా సాగిన తెలంగాణ సాయుధ పోరాట కాలపు కథ. గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించగా మెదక్ జిల్లా మంగళపర్తిలో చిత్రీకరించారు. బండి యాదగిరి రాసిన 'బండెనక బండి కట్టి' పాటను అందులో గద్దర్ తెర మీద పాడారు. నర్సింగరావు దర్శకత్వం వహించిన 'దాసి' (1988) దొరల గడీలోని ఆడబాపల బతుకును చూపి అయిదు జాతీయ పురస్కారాలు గెలిచింది. దీనికి కళా దర్శకుడు చిత్రకారుడు తోట వైకుంఠం. సిద్దిపేటలో కాపు రాజయ్య (1925–2012) బతుకమ్మ, బోనాలు, కులవృత్తుల బొమ్మలను జానపద శైలిలో దశాబ్దాల పాటు గీశారు. ఆయన చిత్రాలు నినాదాలు కావు. అయినా తెలంగాణకంటూ ఒక రూపురేఖ ఉందని ఉద్యమం చెప్పినప్పుడు చూపించుకోవడానికి ఇలాంటి చిత్రాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

ధూంధాం

1986లో నందిని సిధారెడ్డి సిద్దిపేట కేంద్రంగా మంజీరా రచయితల సంఘం నెలకొల్పారు. 1997లో భువనగిరి, వరంగల్ సభలతో మలి దశ ఉద్యమానికి ఊపు వచ్చింది. భువనగిరి నూలు మిల్లులో కార్మికురాలిగా పనిచేసి గాయనిగా ఎదిగిన బెల్లి లలిత 1999లో హత్యకు గురయ్యారు. పాడటం ఎంత ప్రమాదకరమో ఆ హత్య చెప్పింది.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాంకు ఉపాధ్యాయుడైన రసమయి బాలకిషన్ ముందు నిలిచారు. డప్పు, ఆట, పాట, మధ్య మధ్య ఉపన్యాసం కలిసి రాత్రి పొద్దుపోయే దాకా సాగే సభ ఇది. పుస్తకం చదవని వారికి నదీ జలాల వాటా, స్థానికుల కొలువులకు సంబంధించిన 610 జీవో, ముల్కీ నిబంధనల వంటి చిక్కు విషయాలు పల్లవి, చరణాలుగా అర్థమయ్యాయి. 2009 నవంబరు 29న ఉద్యమ నేత కె. చంద్రశేఖర్‌రావు నిరాహార దీక్షకు సిద్దిపేట బయలుదేరి మధ్యలోనే అరెస్టయ్యాక ఉద్యమం రోడ్ల మీదికి వచ్చింది. రహదారి మీదే పొయ్యి పెట్టి వండుకు తినే వంటావార్పు, బతుకమ్మ ఆట నిరసన రూపాలయ్యాయి. 2011 మార్చి 10న హైదరాబాద్‌లో ఉద్యమకారులు జరిపిన మిలియన్ మార్చ్‌లో ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలు కొన్ని నేలకూలాయి. ఎవరి విగ్రహం ఎక్కడ ఉండాలన్నది కూడా రాజకీయ ప్రశ్నేనని ఆ రోజు తేలింది.

పారిశ్రామిక వాడలో

ముంబయి రహదారి వెంట రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960లలో వచ్చింది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు, 1984లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం వచ్చాయి. పొలాలు పోయిన పల్లెల్లో కొలువులెవరికన్న ప్రశ్న లేచింది. మందుల, రసాయనాల కంపెనీల వ్యర్థాలు ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీరలో కలిశాయి. 1990లో ఈ కాలుష్యంపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు ఈ పోరాటంలో ముందున్నారు. మంజీర, సింగూరు నీళ్లు హైదరాబాద్ దాహం తీర్చడానికి పోవడం మరో అసంతృప్తి. 'నీళ్లు, నిధులు, నియామకాలు' అన్న ఉద్యమ నినాదానికి ఇక్కడ కంటికి కనిపించే ఆధారాలుండేవి.

ప్రపంచ సందర్భం

సొంత పాలన కోరిన జాతుల్లో కుర్దుల అనుభవం ఇంతకంటే కఠినమైనది. 1920 నాటి సెవ్ర్ ఒప్పందం సొంత పాలన మీద ఆశ పెట్టింది. 1923 నాటి లోజాన్ ఒప్పందంలో అది లేకుండా పోయింది. వారు టర్కీ, ఇరాక్, ఇరాన్, సిరియాల్లో చెదిరి ఉండిపోయారు. దెంగ్‌బెజ్‌లనే కథాగాయకులు భాషను, జ్ఞాపకాన్ని కాపాడారు. కుర్దు గాయకుడు షివాన్ పెర్వెర్ 1976లో టర్కీ విడిచారు. కుర్దు దర్శకుడు ఇల్మాజ్ గునే జైలు నుంచి రూపొందించిన సినిమా 'యోల్' 1982లో కాన్ ఉత్సవంలో అత్యున్నత పురస్కారాన్ని పంచుకుంది. ధ్వంసమైన నుసైబిన్ పట్టణాన్ని చిత్రించినందుకు టర్కీలో కుర్దు చిత్రకారిణి జెహ్రా దోగాన్ జైలుపాలయ్యారు. కుర్దులు కోరింది జాతి స్వయం నిర్ణయాధికారం, తెలంగాణ కోరింది రాజ్యాంగం మూడో అధికరణం కింద రాష్ట్రం. కథాగాయక సంప్రదాయం రాజకీయ స్వరం కావడం మాత్రం రెండు చోట్లా కనిపిస్తుంది.

రాష్ట్రం వచ్చాక

2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. రాజముద్రను చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించారు. తెలంగాణ సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థ ద్వారా 550 మంది కళాకారులకు కొలువులిచ్చారు. రసమయి దాని అధ్యక్షుడయ్యారు. అధికారాన్ని నిలదీసిన గొంతులు ప్రభుత్వ పథకాల ప్రచారానికి మారాయన్న విమర్శ వచ్చింది. కళాకారుడికి తొలిసారి నెల జీతం దక్కిందన్న సమర్థన కూడా ఉంది. 2024లో కవి అందెశ్రీ రాసిన గీతం రాష్ట్ర గీతమైంది. ఆ ఏడాది డిసెంబరు 9న సచివాలయంలో ఆవిష్కరించిన తెలంగాణ తల్లి విగ్రహం చేతిలో బతుకమ్మ లేకపోవడం వివాదం రేపింది. ప్రభుత్వం నంది పురస్కారాల స్థానంలో గద్దర్ పేరిట సినిమా పురస్కారాలు తెచ్చింది. సంగారెడ్డి జిల్లా తెల్లాపూర్‌లో ఆయన విగ్రహానికి అనుమతి ఇచ్చింది.

పారిశ్రామిక వాడ ప్రశ్నలు మాత్రం తీరలేదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి మందుల కర్మాగారంలో జరిగిన పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. మృతుల్లో ఎక్కువ మంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. స్థానికుడి నియామకం గురించి అడిగిన ఉద్యమ పాటలో వీరికి చోటు దొరకలేదు. అందోలు మఖ్దూం కవిత్వంలో, యూనియన్‌లో కార్మికుడిని ఏ ఊరివాడని అడగలేదు. ఈ ప్రాంతపు ఉద్యమ కళలో ఆ పాయ పాతదే అయినా, రాష్ట్ర సాధన దశలో వెనక్కి తగ్గింది.