విశ్వవిద్యాలయ టెక్నాలజీ లైసెన్సింగ్ డైరెక్టర్

విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో పుట్టిన ఆవిష్కరణలకు పేటెంట్లు తీసుకుని, వాటిని వాడుకునే హక్కును కంపెనీలకు రుసుముపై ఇచ్చే కార్యాలయానికి అధిపతి టెక్నాలజీ లైసెన్సింగ్ డైరెక్టర్. ఆవిష్కరణను అందుకునే కంపెనీ ఏదీ లేనప్పుడు దాని ఆధారంగా కొత్త సంస్థ ఏర్పడేలా చూడటం కూడా ఈ పదవిలో భాగమే. కార్యాలయం విశ్వవిద్యాలయంలో ఒక విభాగంగా ఉంటే ఈ అధికారిని డైరెక్టర్ అనో అసోసియేట్ వైస్ ప్రోవోస్ట్ అనో పిలుస్తారు. బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, ఇజ్రాయెల్‌లోని హీబ్రూ విశ్వవిద్యాలయం ఈ పనికి సొంత కంపెనీలను పెట్టుకున్నాయి. వాటిలో అధిపతి సీఈఓ. ఈ వృత్తికి నేటి రూపం ఎక్కువగా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, 1970 నుంచి ఏర్పడింది.

చరిత్ర

విశ్వవిద్యాలయాల ఆవిష్కరణలను పరిశ్రమకు చేర్చే ప్రయత్నాలు మొదట విశ్వవిద్యాలయాల బయట జరిగాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రెడరిక్ కాట్రెల్, పొగలోని ధూళిని విద్యుత్తుతో పట్టి ఆపే పరికరంపై తనకున్న పేటెంట్లు మూలధనంగా 1912లో రీసెర్చ్ కార్పొరేషన్‌ను స్థాపించాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో చాలా విశ్వవిద్యాలయాలు తమ పేటెంట్ల వ్యవహారాన్ని దానికే అప్పగించాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ స్టీన్‌బాక్, అతినీలలోహిత కిరణాలతో ఆహారంలో విటమిన్ డి పెంచే పద్ధతిని కనుగొన్నాడు. ఆ పేటెంటును నిర్వహించడానికి 1925లో పూర్వ విద్యార్థులు ఒక ఫౌండేషన్‌ను ఏర్పాటు చేశారు. వచ్చిన డబ్బు తిరిగి విశ్వవిద్యాలయ పరిశోధనకే వెళ్లేది.

స్టాన్‌ఫర్డ్ కూడా మొదట రీసెర్చ్ కార్పొరేషన్ మీదే ఆధారపడింది. 1954 నుంచి 1967 వరకు ఆ మార్గంలో వచ్చిన మొత్తం 5 వేల డాలర్లు కూడా దాటలేదు. పరిశ్రమలో కాంట్రాక్టుల వ్యవహారాలు చూసి 1968లో స్టాన్‌ఫర్డ్‌లో చేరిన నీల్స్ రైమర్స్ లోపం ఎక్కడుందో పట్టుకున్నాడు. ప్రయోగశాలకు దూరంగా ఉన్న సంస్థ దరఖాస్తులు వేయగలదే కానీ, ఏ ఆవిష్కరణ ఏ కంపెనీకి పనికొస్తుందో దానికి తెలియదు. అందుకే పేటెంట్ రాత పనిని బయటి న్యాయవాదులకు వదిలేసి, విజ్ఞాన శాస్త్రమూ వ్యాపారమూ రెండూ అర్థమయ్యే మనుషులను లోపల పెట్టుకోవాలని ప్రతిపాదించాడు. ప్రయోగాత్మకంగా నడిపిన తొలి ఏడాదిలోనే సుమారు 55 వేల డాలర్లు వచ్చాయి. 1970 నుంచి అది ఆఫీస్ ఆఫ్ టెక్నాలజీ లైసెన్సింగ్ పేరుతో శాశ్వత కార్యాలయమైంది.

కోహెన్–బోయర్ పేటెంట్

స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్టాన్లీ కోహెన్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హెర్బర్ట్ బోయర్ 1973 నవంబరులో ప్రచురించిన జన్యు సంయోజన పద్ధతి గురించి రైమర్స్‌కు తెలిసింది 1974 మే నెలలో, న్యూయార్క్ టైమ్స్ వార్త ద్వారా. పేటెంట్ తీసుకోవడానికి కోహెన్ మొదట ఇష్టపడలేదు. ప్రచురించిన ఏడాది లోపు దరఖాస్తు చేయకపోతే అమెరికాలో హక్కు పోతుంది. ఆ గడువుకు వారం ముందు, 1974 నవంబరు 4న, దరఖాస్తు దాఖలైంది. చాలా దేశాల్లో ప్రచురణ తర్వాత అలాంటి వెసులుబాటే లేకపోవడంతో అక్కడ అప్పటికే హక్కు చేజారిపోయింది.

1980 డిసెంబరు 2న పేటెంట్ మంజూరైంది. ఒక్క కంపెనీకే అమ్మితే పెద్ద మొత్తం వచ్చేది. కానీ అది జీవశాస్త్రంలో అందరికీ అవసరమైన పనిముట్టు కాబట్టి, అడిగిన ప్రతి కంపెనీకీ తక్కువ రుసుముతో ఇవ్వాలని రైమర్స్ నిర్ణయించాడు. చేరేటప్పుడు 10 వేల డాలర్లు, ఏటా కనీసం 10 వేల డాలర్లు, అమ్మకాలపై స్వల్ప రాయల్టీ అన్నవి షరతులు. 1981 డిసెంబరు 15 లోపు 73 కంపెనీలు సంతకం చేశాయి. 1997లో గడువు ముగిసే నాటికి 468 లైసెన్సుల ద్వారా స్టాన్‌ఫర్డ్‌కు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి కలిపి సుమారు 25.5 కోట్ల డాలర్లు వచ్చాయి.

బే–డోల్ చట్టం

1980 దాకా ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధన ఫలితాలపై హక్కు సాధారణంగా ప్రభుత్వానిదే. దాని చేతిలో పోగుపడ్డ సుమారు 28 వేల పేటెంట్లలో కంపెనీలు తీసుకున్నవి 5 శాతం లోపే. సెనేటర్లు బర్చ్ బే, రాబర్ట్ డోల్ ప్రతిపాదించగా 1980 డిసెంబరులో ఆమోదం పొందిన చట్టం ఆ హక్కును విశ్వవిద్యాలయాలకు ఇచ్చింది. ప్రతిగా ఆవిష్కరణను ప్రభుత్వానికి తెలియజేయాలి, ఆదాయంలో ఆవిష్కర్తకు వాటా ఇవ్వాలి, చిన్న సంస్థలకు ప్రాధాన్యం ఇవ్వాలి. హక్కు తీసుకున్నవారు దాన్ని వాడకుండా అట్టిపెట్టుకుంటే ప్రభుత్వం జోక్యం చేసుకోవచ్చు. ఈ చట్టంతో ప్రతి పెద్ద విశ్వవిద్యాలయానికీ ఇలాంటి కార్యాలయం, దానికో అధిపతి అవసరమయ్యారు.

విధులు

పని ఆవిష్కరణ నివేదికతో మొదలవుతుంది. పరిశోధకుడు తాను కనుగొన్నదాన్ని కార్యాలయానికి రాసి ఇస్తాడు. పేటెంట్ వస్తుందా, ఎవరైనా కొంటారా, ఖర్చు పెట్టవచ్చా అని లైసెన్సింగ్ అధికారి పరిశీలిస్తాడు. స్టాన్‌ఫర్డ్ పద్ధతిలో నివేదిక అందిన రోజు నుంచి ఒప్పందం కుదిరి, ఆ తర్వాత రాయల్టీ వసూలయ్యే దాకా ఒకే అధికారి ఆ ఆవిష్కరణను చూసుకుంటాడు. వచ్చిన వాటిలో చాలావాటికి లైసెన్సే కుదరదు. ఏది వదిలేయాలో తేల్చే అధికారం, దాని వల్ల పరిశోధకుడికి కలిగే అసంతృప్తిని భరించే బాధ్యత చివరకు డైరెక్టర్‌వే.

రెండో ముఖ్య నిర్ణయం లైసెన్సు స్వభావం. ఒక్క కంపెనీకే పూర్తి హక్కు ఇవ్వడం ఒక పద్ధతి. మందుల విషయంలో ఇదే ఎక్కువ; ఏళ్ల తరబడి పరీక్షలకు ఖర్చు పెట్టే కంపెనీ పోటీ ఉండదన్న భరోసా అడుగుతుంది. పరిశోధనా పనిముట్లను మాత్రం చాలామందికి ఇవ్వడమే మేలు. హక్కును వాడే రంగాన్ని, దేశాలను, గడువును విడదీసి కూడా ఇవ్వవచ్చు. ఒప్పుకున్న గడువులోగా పని ముందుకు కదలకపోతే హక్కు వెనక్కి వచ్చేలా షరతు పెట్టడం మంచి ఒప్పందం లక్షణం.

పత్రాల్లోని ఒక్క మాట ఎంత దూరం వెళ్తుందో 2011లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చూపింది. హక్కులు బదలాయిస్తానని స్టాన్‌ఫర్డ్‌కు మాట ఇచ్చిన పరిశోధకుడు, తర్వాత ఒక కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తూ, ఇప్పుడే బదలాయిస్తున్నానని అక్కడ సంతకం చేశాడు. కంపెనీ హక్కును కొనుక్కున్న రోష్ వాదనే నెగ్గింది. ఆవిష్కరణ మొదట ఆవిష్కర్తకే చెందుతుందని, బే–డోల్ చట్టం దాన్ని దానంతట అది విశ్వవిద్యాలయానికి బదిలీ చేయదని కోర్టు తేల్చింది. తర్వాత విశ్వవిద్యాలయాలు తమ నియామక పత్రాల భాషను మార్చుకున్నాయి.

ఆదాయ పంపిణీ

స్టాన్‌ఫర్డ్‌లో రాయల్టీ నుంచి 15 శాతం కార్యాలయ నిర్వహణకు, ఆపై పేటెంట్ ఖర్చులకు తీసేస్తారు. మిగిలినది ఆవిష్కర్తకు, అతని శాఖకు, అతని స్కూలుకు మూడు సమాన భాగాలుగా వెళ్తుంది. ఆదాయం అన్ని ఆవిష్కరణల నుంచీ సమానంగా రాదు. వేల నివేదికల్లో కోహెన్–బోయర్, యాంటీబాడీల పేటెంట్లు, గూగుల్ వంటి కొన్నే పెద్ద మొత్తాలు తెచ్చాయి. స్టాన్‌ఫర్డ్‌లోనే జాన్ చౌనింగ్ కనుగొన్న ధ్వని సంశ్లేషణ పద్ధతిని అమెరికా ఆర్గన్ తయారీదార్లు కాదన్నారు. జపాన్ కంపెనీ యమహా తీసుకుంది. 1983లో వచ్చిన డీఎక్స్7 సింథసైజర్ దాని ఫలితమే. ఆ పేటెంట్ 2 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది.

కొన్ని విశ్వవిద్యాలయాలు భవిష్యత్ రాయల్టీని ఒకేసారి అమ్ముకున్నాయి. హెచ్ఐవీ మందు ఎమ్‌ట్రిసిటబీన్‌పై తన హక్కును ఎమరీ విశ్వవిద్యాలయం 2005లో 52.5 కోట్ల డాలర్లకు ఇచ్చేసింది. రాబోయేదాన్ని ముందే తీసుకోవాలా, వేచి చూడాలా అన్నది డైరెక్టర్, పాలకవర్గం కలిసి తేల్చాల్సిన లెక్క.

కొత్త సంస్థల ఏర్పాటు

తొలినాళ్ల ఆవిష్కరణలు తీసుకోవడానికి పెద్ద కంపెనీలు తరచూ వెనకాడతాయి. అలాంటప్పుడు విద్యార్థులు, ఆచార్యులు పెట్టిన స్టార్టప్‌కు లైసెన్సు ఇచ్చి, రుసుములో కొంత భాగంగా షేర్లు తీసుకుంటారు. గూగుల్‌కు ఆధారమైన వెబ్ పేజీల ర్యాంకింగ్ పద్ధతికి స్టాన్‌ఫర్డ్ అలా సుమారు 18 లక్షల షేర్లు పొంది, 2005 నాటికి 33.6 కోట్ల డాలర్లకు అమ్మింది.

ఎంఐటీలో లైసెన్సింగ్ కార్యాలయం చుట్టూ ఇతర ఏర్పాట్లు పెరిగాయి: 2000లో వ్యాపార సలహాదారుల సేవ, 2002లో గురురాజ్ దేశ్‌పాండే దంపతుల విరాళంతో తొలి దశ పరిశోధనకు నిధులిచ్చే కేంద్రం. లైసెన్సు, సలహా, పెట్టుబడి వేర్వేరు చేతుల్లో ఉండటం ఇందులోని జాగ్రత్త. బోస్టన్ విశ్వవిద్యాలయం 1987 నుంచి సెరాజెన్ అనే బయోటెక్ కంపెనీలో 8 కోట్ల డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టి, చాలా భాగం పోగొట్టుకుంది. లైసెన్సు ఇచ్చినవారే పెట్టుబడి కూడా పెట్టడంలోని ప్రమాదానికి ఈ రంగంలో తరచూ చెప్పే ఉదాహరణ అదే.

వృత్తి మార్గం

ఈ పదవికి ఒకే డిగ్రీ అంటూ లేదు. సైన్స్ లేదా ఇంజనీరింగ్ చదివి, పరిశ్రమలో పనిచేసి, లైసెన్సింగ్ అధికారిగా చేరి పైకి రావడం సాధారణ మార్గం. 1991 నుంచి 2018 వరకు స్టాన్‌ఫర్డ్ కార్యాలయాన్ని నడిపిన క్యాథరీన్ కూ, 1993 నుంచి 2016 వరకు ఎంఐటీ కార్యాలయాన్ని నడిపిన లీటా నెల్సెన్ ఇద్దరూ కెమికల్ ఇంజనీర్లే. కూ స్టాన్‌ఫర్డ్‌లో కింది స్థాయిలో పనిచేసి, కొంతకాలం ఒక బయోటెక్ కంపెనీలో గడిపి, డైరెక్టర్‌గా తిరిగివచ్చారు. నెల్సెన్ సుమారు రెండు దశాబ్దాలు పరిశ్రమలో పనిచేశాక 1986లో ఎంఐటీకి వచ్చారు. ఆ కార్యాలయాన్ని అంతకు ముందే పునర్వ్యవస్థీకరించినవాడు రైమర్స్.

ఈ వృత్తివారి సంఘం 1974లో అమెరికాలో మొదలైంది. నేడు ఆటమ్ పేరుతో నడుస్తోంది. అనుభవం, కుదిర్చిన ఒప్పందాల ఆధారంగా ఇచ్చే ఆర్‌టీటీపీ (రిజిస్టర్డ్ టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ప్రొఫెషనల్) గుర్తింపు అంతర్జాతీయంగా చెల్లుతుంది. డైరెక్టర్ పదవి అడిగేది ప్రధానంగా ఓపిక. ఇవాళ ఇచ్చిన మందు లైసెన్సు ఫలితం పది, పదిహేనేళ్లకు గానీ తెలియదు. అంతకాలం కార్యాలయం ఖర్చును పాలకవర్గానికి సమర్థించుకుంటూ, మంచి అధికారులను ఎక్కువ జీతమిచ్చే కంపెనీలు లాక్కోకుండా కాపాడుకోవాలి. కూ, నెల్సెన్ రెండు దశాబ్దాలకు మించి ఒకే చోట ఉండటం ఆ కార్యాలయాల బలానికి ఒక కారణం.

ప్రజా ప్రయోజనం

ఏకైక హక్కు ప్రాణాలతో ముడిపడినప్పుడు విమర్శ తప్పదు. యేల్ విశ్వవిద్యాలయం బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్‌కు ఇచ్చిన హెచ్ఐవీ మందు స్టావుడిన్ దక్షిణాఫ్రికా రోగులకు అందని ధర పలికింది. విద్యార్థులు, వైద్య సంస్థలు, ఆ మందును రూపొందించినవారిలో ఒకరైన విలియం ప్రుసాఫ్ ఒత్తిడి తెచ్చారు. 2001 మార్చిలో అక్కడ పేటెంటును అమలు చేయబోమని కంపెనీ ప్రకటించింది. 2007లో స్టాన్‌ఫర్డ్ చొరవతో పలు విశ్వవిద్యాలయాలు తొమ్మిది సూత్రాలు విడుదల చేశాయి. పరిశోధనలో వాడుకునే హక్కును అట్టిపెట్టుకోవడం, పేద దేశాల అవసరాలను ఒప్పందంలోనే చేర్చడం వాటిలో ఉన్నాయి.

హైదరాబాద్, భారతదేశం

ఈ వ్యవస్థలో హైదరాబాద్ పేరు ఎక్కువగా లైసెన్సు తీసుకునే వైపు కనిపిస్తుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం (సెయింట్ లూయిస్) తన ముక్కు ద్వారా ఇచ్చే కోవిడ్ టీకాను 2020 సెప్టెంబరులో భారత్ బయోటెక్‌కు ఇచ్చింది. అమెరికా, జపాన్, ఐరోపా మినహా మిగతా మార్కెట్లు ఆ ఒప్పందంలోకి వచ్చాయి. 2022 సెప్టెంబరులో భారత్‌లో అనుమతి లభించింది. టెక్సస్ చిల్డ్రన్స్ ఆసుపత్రి, బేలర్ వైద్య కళాశాల శాస్త్రవేత్తల టీకా పరిజ్ఞానాన్ని బయలాజికల్ ఇ తీసుకుంది. పేటెంట్ లేకుండా పంచిన ఆ పరిజ్ఞానంతో తయారైన కార్బెవ్యాక్స్‌కు 2021 డిసెంబరు 28న అత్యవసర అనుమతి వచ్చింది.

భారత్‌లో బే–డోల్ తరహా బిల్లు 2008లో రాజ్యసభ ముందుకు వచ్చినా చట్టం కాలేదు. అందువల్ల ఆవిష్కరణలపై హక్కును సంస్థల సొంత నిబంధనలే నిర్ణయిస్తున్నాయి. ఐఐటీ ఢిల్లీ 1992లోనే ఇందుకోసం ఫిట్ అనే సంస్థను పెట్టుకుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2008లో స్టార్టప్ కేంద్రాన్ని ప్రారంభించింది. 2015లో టీ-హబ్ మొదలైంది కూడా ఆ ప్రాంగణంలోనే. ఉన్నత విద్యాసంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం 2019లో తెచ్చిన స్టార్టప్ విధానం, సంస్థ సౌకర్యాలను వాడుకున్న స్టార్టప్‌లో 2 నుంచి 9.5 శాతం వాటా తీసుకోవచ్చని సూచించింది. స్టార్టప్ కేంద్రాలతో పోలిస్తే పూర్తికాల లైసెన్సింగ్ కార్యాలయాలు ఇక్కడ తక్కువ. చాలాచోట్ల బోధన, పరిశోధనలతో పాటు ఒక డీన్ ఈ పనినీ చూస్తుంటారు. పదవీకాలం ముగిశాక ఆయన తిరిగి తరగతికి వెళ్లిపోతారు. కంపెనీలతో ఏర్పడిన పరిచయాలు, నడుస్తున్న ఒప్పందాలు కొత్తగా వచ్చినవారికి మళ్లీ మొదటి నుంచి అలవడాల్సిందే.