దుమ్ముగూడెం నుంచి ఫేస్‌బుక్ దాకా: మనకొచ్చిన పిలుపు ఎవరి భాషలో ఉంది?



పోస్ట్ కొంచెం పెద్దది, ఓపికతో చదవండి. మతం మీద గొడవ పెట్టడానికి రాయలేదు. మన గ్రూపులో చర్చికి పోయేవాళ్లున్నారు, వేల్పులను కొలిచేవాళ్లున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉన్నారు.

పోయిన క్రిస్మస్‌కి ఒక చర్చి పేజీలో మా గూడెం పిల్లల ఫొటోలు చూసిన. దుప్పట్లు పంచుతున్న ఫొటోలు. కింద "అడవిలో వెనుకబడిన ప్రజలు" అని రాసి ఉంది. ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. ఫొటో తీసేముందు తల్లిదండ్రులను అడగలేదు కూడా. దుప్పటి ఇచ్చినందుకు మా వాళ్లకు సంతోషమే. కానీ ఆ మాట చూసి నాకు కడుపు మండింది. అప్పటినుంచి ఈ చరిత్ర వెతకడం మొదలుపెట్టిన.

1860 ప్రాంతంలో గోదావరిలో పైదాకా స్టీమర్లు నడపాలని కాటన్ దొర పథకం. దుమ్ముగూడెం దగ్గర నదిలో రాళ్లు అడ్డం. అక్కడ ఆనకట్ట పనులు చూసిన ఇంజనీరు కెప్టెన్ హేగ్. కోయల మధ్య చర్చి మిషన్ సొసైటీ పని మొదలవడానికి కారణం ఆయనే. అయితే గూడేల్లో తిరిగి పని మొదలుపెట్టింది తెల్లదొర కాదు, వెంకటరామరాజు అనే తెలుగాయన. ఉద్యోగం వదులుకుని ఆ పనిలో దిగాడు. 1871లో స్టీమర్ల పథకం ఆగిపోయింది. మిషన్ మాత్రం నిలబడింది.

ఎందుకు నిలబడింది? నాకు తోచిన ఒక కారణం భాష. 1870ల్లో వచ్చిన జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకున్నాడు. 1880ల్లో లూకా సువార్త కోయలో అచ్చయింది. అప్పట్లో ప్రభుత్వ కాగితం ఏదీ మనతో మన భాషలో మాట్లాడలేదు.

కెయిన్ మన ఆచారాలు, కథలు ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో రాశాడు. 1909లో థర్‌స్టన్ తన పుస్తకంలో కోయల గురించి చెప్పినప్పుడు ఎక్కువగా ఆ రాతల మీదే ఆధారపడ్డాడు. రాసినాయన పేరు మిగిలింది. మరి ఆ కథలు చెప్పిన మన తాతల పేర్లు ఎవరం చెప్పగలం?

ఇంకో ఉదాహరణ మన పక్కనే ఉన్న డోర్నకల్. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య ఇండియాలో మొదటి స్వదేశీ ఆంగ్లికన్ బిషప్. అక్కడ కట్టి 1939లో ప్రతిష్ఠించిన పెద్ద చర్చిలో గుడి పోకడ ఉంది, మసీదు పోకడ ఉంది. చూసినోడికి "ఇది మనదే" అనిపించాలని అట్లా కట్టారు. వెబ్‌సైట్ లేని కాలంలో ఆ కట్టడమే స్వాగతం పలికింది.

ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తోంది. చర్ల నుంచి ఖమ్మం హాస్టల్‌కి పోయిన చెల్లి ఆదివారం ఆరాధన ఎన్ని గంటలకో ఫోన్‌లోనే చూస్తది. టైము, దారి, ఒక ఫోన్ నంబరు, "కొత్తవాళ్లు రండి" అన్న మాట ఉంటే చాలు, ధైర్యం వస్తది. లాక్‌డౌన్‌లో ఆరాధన యూట్యూబ్‌కి మారితే సిగ్నల్ ఉన్నోళ్లకే అందింది. గుట్టమీద గూడేలకు అందలేదు. ఇక నేను చూసిన పేజీల్లో అంతా తెలుగు, ఇంగ్లీషే. 2011 లెక్కల్లో కోయ మాతృభాష అన్నవాళ్లు 4 లక్షలకు పైనే. 1880ల్లో అచ్చుకు ఎక్కిన భాష ఇప్పుడు వీడియోకి ఎందుకు ఎక్కలేదు?

అందుకే చర్చి పేజీలు నడిపే మన అన్నదమ్ములకు మూడు మాటలు. ఫొటో పెట్టేముందు అడగండి, పిల్లలదైతే తల్లిదండ్రులను అడగండి. "వెనుకబడిన" అనకండి, ఊరి పేరు రాయండి. వారానికి రెండు నిమిషాలైనా కోయలో మాట్లాడి పెట్టండి. చదువురాని అవ్వకి రాసిన పోస్టు కంటే వాయిస్ మెసేజే అందుతది.

ఈ మాట చర్చికే కాదు, మనకూ వర్తిస్తది. ఈసారి పండగకి ఊరికి పోయినప్పుడు తాత చెప్పే కథ రికార్డు చేయండి. ముందు ఆయన ఒప్పుకోవాలి. చివర్లో ఆయన పేరు చెప్పండి. 150 ఏళ్ల కింద పోయిన పేర్లు తిరిగిరావు. ఇప్పుడున్న పేర్లు పోకుండా చూడటం మన చేతిలో ఉంది.